ఐదేళ్లు వరసగా గెలిచిన మన పోలీసు టీము

శనివారం రాత్రి నిద్ర మానుకుని మాంచెస్టర్, మాడ్రిడ్, బార్సిలోనా మ్యాచులు చూసే మిత్రులు మన కంపెనీల్లో మస్తుగా ఉన్నారు. ఏ క్లబ్ ఎన్ని కప్పులు గెలిచింది, ఏ కోచ్ ఏ ఏడు వచ్చి ఏ ఏడు పోయాడు అన్నీ గడగడా చెప్పేస్తారు. వాళ్లనే ఇంకో చిన్న ప్రశ్న అడిగి చూడండి. రోవర్స్ కప్‌ని వరసగా ఐదేళ్లు గెలిచిన హైదరాబాదు క్లబ్ ఏది? మా క్యాంటీన్లో నేను అడిగి చూశాను. ఒకాయన "నిజాం క్లబ్" అన్నాడు. అది భోజనం బాగుండే క్లబ్ అని గుర్తుచేయాల్సి వచ్చింది :)

జవాబు హైదరాబాద్ సిటీ పోలీస్. గెలిచిన ఏళ్లు 1950, 51, 52, 53, 54.

ఈ కప్పుల విలువ తెలియాలంటే ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. మన దేశంలో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది 1996లో. అంతకు ముందు ఏ క్లబ్ గొప్పదో తేల్చేవి టోర్నమెంట్లే. బొంబాయిలో రోవర్స్, ఢిల్లీలో డ్యూరాండ్, కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్ అన్నిటికన్నా పెద్దవి. ఇవి గెలిస్తే దేశంలో గెలిచినట్టే లెక్క. మన పోలీసు టీము రోవర్స్‌ని ఆ ఐదు కాక 1957లో ఒకసారి గెలిచింది. తర్వాత ఆంధ్రా పోలీస్ పేరుతో 1960లో, 1963లో గెలిచింది, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకుంది. మొత్తం తొమ్మిది. డ్యూరాండ్ 1950, 1954, 1957, 1961లలో నాలుగు సార్లు. ఇదంతా పద్నాలుగేళ్లలో! ఈ లెక్క యూరప్‌లో ఏ ఊరి క్లబ్‌దైనా అయితే ఈపాటికి దాని మీద మ్యూజియం, టీ షర్టు, నెట్‌ఫ్లిక్స్ సిరీస్ అన్నీ వచ్చేవి.

మరి మనకెందుకు గుర్తులేదు? నన్ను పట్టుకుని వదలని ప్రశ్న ఇదే. గెలుపుల కథ ఎలాగూ చెప్తాను గానీ, నిజానికి నాకు ఈ మరుపు కథే ముఖ్యం.

డ్యూరాండ్ కప్ 1940 తర్వాత యుద్ధం వల్ల, ఆపైన దేశ విభజన వల్ల ఆగిపోయి, మళ్లీ 1950లో ఢిల్లీలో మొదలైంది. ఆ ఏడు ఫైనల్లో మోహన్ బగాన్, హైదరాబాద్ సిటీ పోలీస్. మోహన్ బగాన్ అంటే 1911లో ఇంగ్లీషు సైనికుల టీముని ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన క్లబ్, బెంగాలీలకి దేవుడితో సమానం. మొదటి మ్యాచ్ తేలలేదు, రీప్లేలో మనవాళ్లు గెలిచారు.

ఇప్పుడు ఆ తేదీ పక్కన ఇంకో తేదీ పెట్టి చూడండి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద సైనిక చర్య జరిగింది, దాన్నే మనం పోలీస్ యాక్షన్ అంటాం. 1950లోనే, మొన్నటిదాకా నిజాం కింద పనిచేసిన నగర పోలీసు శాఖ టీము ఢిల్లీ వెళ్లి దేశంలో పాత కప్పుని ఎత్తుకొచ్చింది. ఆ టీములో ఎక్కువమంది హైదరాబాదీ ముస్లిం కుర్రాళ్లు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయిన్, జమాల్... ఆ రెండేళ్లలో ఆ నగరంలో వాళ్ల గల్లీల్లో ఎంత భయం, ఎంత అనిశ్చితి ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా వెళ్లారు, ఆడారు, గెలిచారు. దీని మీద ఒక్క మంచి తెలుగు నవల రాకపోవడం నాకు ఆశ్చర్యం.

సరే, నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. మాది పాలమూరు జిల్లా అచ్చంపేట (2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా). శ్రీశైలం పోయేవాళ్లు హాజీపూర్ చౌరస్తా దగ్గర ఛాయ్ తాగి ముందుకు వెళ్లిపోతారు, అక్కడ పక్కకి తిరిగితే మా ఊరు. మా దగ్గర కబడ్డీ ఉంది, వాలీబాల్ ఉంది, క్రికెట్ సంగతి చెప్పే పనే లేదు. ఫుట్‌బాల్ మాత్రం ఎప్పుడూ రాలేదు. ఈ టీము గురించి మా నాయినకి చెప్తే ఆయన ఒకటే మాటన్నాడు. "పోలీసోళ్లకు బంతాట ఏంది బిడ్డా, వాళ్ల చేతిల లాఠీ తప్ప మేం ఇంకోటి చూడలే."

నవ్వుకున్నాను గానీ, ఆలోచిస్తే అందులో చాలా చరిత్ర ఉంది. 1947లో మా పాలమూరులోనే ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో నిజాం పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు. ఊళ్లలో పోలీసు అంటే అది. అదే రాజ్యంలో, అదే శాఖ పేరు మీద, నగరంలో కుర్రాళ్లు దేశం మొత్తం మీద అందమైన ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఆ ఆట ఫతే మైదాన్ (ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం) చుట్టూ, పాత బస్తీ, చాదర్‌ఘాట్, సికింద్రాబాదు కంటోన్మెంటు గల్లీల్లో పుట్టింది, అక్కడే పెరిగింది. నాకు తెలిసిన ఆటగాళ్ల పేర్లలో జిల్లాల వాళ్లు కనిపించరు. నిజాం కాలంలో రైలు, కాలేజీ, కరెంటు ముందు ఎక్కడికి వచ్చాయో ఫుట్‌బాల్ కూడా అక్కడికే వచ్చింది. జిల్లాకి అందింది మాత్రం యూనిఫారం ఒక్కటే. కాబట్టి "మన టీము" అని నేను పైన ధీమాగా రాసేశాను గానీ, 1950లో అచ్చంపేటలో ఆ మాట అనేవాడు ఒక్కడైనా ఉండి ఉంటాడా అంటే నాకు అనుమానమే.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, బడి పంతులుగా పనిచేశాడు. అందుకే అందరూ ఆయన్ని రహీం సాబ్ అంటారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, చనిపోయేదాకా ఇరవై ఏళ్లు ఆ పదవిలో ఉన్నాడు. సిటీ పోలీసుకి కోచ్ ఆయనే, భారత జట్టుకి కోచ్ కూడా ఆయనే. 2024లో అజయ్ దేవగణ్‌తో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది కదా, అది ఈయన కథే. అయితే ఆ కథంతా జాతీయ జట్టు చుట్టూ తిరుగుతుంది. నాకు ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ మెడల్స్ కాదు, ఆయన నగరంలో పిల్లలకి పెట్టిన చిత్రమైన టోర్నమెంట్లు.

ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషిద్ధం. అంటే బంతిని కాళ్ల మధ్య పెట్టుకుని నలుగురిని తప్పించుకుంటూ పోవడం కుదరదు, రాగానే ఇంకొకడికి ఇచ్చేయాలి. మన దేశంలో అప్పటి ఆటంతా ఒక్కడి గారడీ మీద నడిచేది. జనం చప్పట్లు కొట్టేది కూడా దానికే. ఆ గారడీ రూల్ ప్రకారమే బంద్ అయితే పిల్లాడు ఏం చేస్తాడు? బంతి రాకముందే తల ఎత్తి ఎవడు ఎక్కడున్నాడో చూసుకుంటాడు. బంతి లేనివాడు ఊరికే నిలబడకుండా ఖాళీలోకి పరిగెత్తుతాడు. ఇంకో టోర్నమెంటులో అలవాటైన కాలితో తన్నకూడదు, రెండో కాలితోనే ఆడాలి. ఇంకోటి పొట్టివాళ్ల కోసం, ఫలానా ఎత్తు దాటితే ప్రవేశం లేదు. ప్రోగ్రామింగ్ నేర్పేటప్పుడు కొందరు మంచి గురువులు "ఈ వారం ఫర్ లూప్ వాడకుండా రాయండి" అంటారే, సరిగ్గా అలాంటిదన్నమాట. నీతి బోధలు చేసి అలవాటు మార్చలేం, రూల్ మారిస్తే అలవాటు దానంతటదే మారుతుంది. ఈ సంగతి 1940లు, 50లలో ఒక హైదరాబాదు బడి పంతులుకి తెలుసు.

ఇలా తయారైన పిల్లలు పెద్దయ్యాక పోలీసు టీములో, రాష్ట్ర జట్టులో, భారత జట్టులో కనిపించేవారు. కింద బడి, మధ్యలో క్లబ్, పైన దేశం. మూడు చోట్లా ఒకే మనిషి కావడంతో ఒకే పద్ధతి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడారు. చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. రహీం అక్కడ చూసింది వృథా పోనివ్వలేదు. పాత అమరికని మార్చాడు, వెనక రక్షణకి మనిషిని పెంచాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్లింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా జట్టు అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం... అందరూ హైదరాబాదు వాళ్లే.

(ఇక్కడ ఒక మాట. బ్రెజిల్ కన్నా ముందే రహీం 4-2-4 కనిపెట్టాడని కొందరు రాస్తుంటారు. దాని డోసు కొంచెం తగ్గించి తీసుకోవడం మంచిది. 1953లో హంగరీ వెంబ్లీకి వెళ్లి ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించినప్పటి నుంచి ప్రపంచంలో కోచ్‌లందరూ అటువైపే ఆలోచిస్తున్నారు. రహీం గొప్పదనం ఎక్కడో యూరప్‌లో మారుతున్న ఆటని టీవీ లేని కాలంలో పట్టుకుని, చాదర్‌ఘాట్ పిల్లలకి అర్థమయ్యేట్టు చెప్పడం. అది చాలదా? మనకి ప్రతిదీ మనమే కనిపెట్టామనే సరదా ఒకటి!)

బలరాం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పెరిగిన పేద తమిళ కుటుంబం కుర్రాడు. రాష్ట్ర జట్టు ప్రాక్టీసుకి రమ్మని రహీం పిలిస్తే, అంత దూరం రావడానికి డబ్బులు లేవన్నాడు. అప్పుడు రహీం సైకిలు అద్దెకి రోజుకో రూపాయి ఇచ్చాడు. ఆ సైకిలు అమ్ముగూడ నుంచి మెల్‌బోర్న్ దాకా వెళ్లిందన్నమాట. 1956, 1960 ఒలింపిక్స్ రెండూ ఆడాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. కానీ బలరాం క్లబ్ జీవితంలో ఎక్కువ భాగం ఎక్కడ గడిచింది? కలకత్తాలో. 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు, 2023లో చనిపోయిందీ బెంగాల్లోనే.

మరుపు కథ ఇక్కడే మొదలవుతుంది. ఆ కాలంలో ఫుట్‌బాల్ ఆడితే జీతం రాదు, పేరుకి అందరూ అమెచ్యూర్లే. ఆటగాడికి అన్నం పెట్టాలంటే ఏదో ఒక శాఖలో ఉద్యోగం ఇవ్వాలి. పోలీసు శాఖ ఇచ్చింది. కానిస్టేబుల్ ఉద్యోగం అంటే నెలనెలా జీతం, తర్వాత పింఛను. పేదింటి కుర్రాడికి అది చిన్న విషయం కాదు. క్లబ్ బలమంతా ఆ ఉద్యోగమే. అయితే కలకత్తా క్లబ్బుల దగ్గర ఇంకేదో ఉంది, లక్షల మంది అభిమానులు. విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులకి ఈస్ట్ బెంగాల్ క్లబ్ పోయిన ఊరికి బదులు దొరికిన ఊరు. అలాంటి చోట ఆటగాడికి డబ్బు, ఉద్యోగం, పేరు అన్నీ దొరుకుతాయి. 1960ల నుంచి మనవాళ్లు వరసగా బండి ఎక్కారు. నయీముద్దీన్, హబీబ్, అతని తమ్ముడు అక్బర్, తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. హైదరాబాదు నుంచి మొదటి ఆన్‌సైట్ బ్యాచ్ వీళ్లదే అని నా ఉద్దేశం. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ టీముతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు 2-2తో ముగిసిన ఆ మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున ఒక గోల్ కొట్టింది మన హబీబే. బెంగాలీలు ఆయన్ని బడే మియా అని ఇప్పటికీ తలుచుకుంటారు. హైదరాబాదులో ఆయన వీధిలో నడిచినా గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది ఉండేవారు చెప్పండి?

ఇలా యూనిఫారం క్లబ్బులు యూరప్‌లోనూ ఉండేవి, బాస్కెట్‌బాల్‌లో మరీ ఎక్కువ. యూరప్ ఛాంపియన్ క్లబ్బుల కప్ 1958లో మొదలైతే మొదటి మూడేళ్లు వరసగా గెలిచింది రీగా నగరపు ఆస్క్ అనే క్లబ్. అది సోవియట్ సైన్యం టీము. దానికి కోచ్ అలెగ్జాండర్ గోమెల్‌స్కీ, రహీం లాగానే అన్నీ తానై నడిపిన మనిషి. ఆయన తర్వాత మాస్కోలోని సైనిక క్లబ్ సీఎస్‌కేఏకి వెళ్లిపోయాడు. సోవియట్ యూనియన్ పోయాక రీగా క్లబ్ కథ ముగిసింది. సీఎస్‌కేఏ మాత్రం బతికింది, ఎందుకంటే పెద్ద కంపెనీల డబ్బు వచ్చి సైన్యం జాగాలో నిలబడింది. 2006 నుంచి 2019 లోపల ఇంకో నాలుగు సార్లు యూరప్ ఛాంపియన్ అయింది. లిథువేనియాలో కౌనస్ అనే ఊరుంది, జనాభా మన వరంగల్ కన్నా తక్కువ. అక్కడి జల్గిరిస్ క్లబ్ 1980ల్లో వరసగా మూడేళ్లు మాస్కో సైనిక క్లబ్‌ని దాటి సోవియట్ ఛాంపియన్ అయింది. లిథువేనియన్లకి అది ఆట గెలవడం మాత్రమే కాదు. సోవియట్ యూనియన్ పోయినా జల్గిరిస్ పోలేదు, 1999లో యూరప్ కప్ కూడా గెలిచింది. అక్కడ ఎవరినడిగినా "మా క్లబ్" అంటారు.

మన పోలీసు టీముని "మా క్లబ్" అన్నవాళ్లు నగరంలో కొన్ని బస్తీల వాళ్లే. ఆ బస్తీలకి 1948 తర్వాత వచ్చిన కష్టాలు వాళ్లకున్నాయి. జిల్లాల వాళ్లకి అది తెలియదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక క్లబ్ పేరు మారింది, నగరం పేరు కూడా అందులోంచి పోయింది. కోస్తా నుంచి వచ్చినవాళ్లకి అది కొత్త ఊరి పాత ముచ్చట. ఆటగాళ్ల భాష ఉర్దూ. తెలుగు పత్రికల్లో హైదరాబాదు గురించి చార్మినార్, బిర్యానీ, నిజాం నగల మీద వచ్చినన్ని వ్యాసాల్లో పదో వంతు కూడా ఈ టీము మీద నేను చూడలేదు. తెలంగాణ వచ్చాక మన చరిత్ర మనం రాసుకుందాం అన్నాం. రాసుకున్నాం కూడా, బతుకమ్మ గురించి, చెరువుల గురించి, పోరాటాల గురించి. ఈ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయాడు, ఏభై మూడేళ్లకే. మన సాఫ్ట్‌వేర్‌లో బస్ ఫ్యాక్టర్ అని ఒక లెక్క ఉంది. ఎంతమంది ఒక్కసారిగా లేకుండా పోతే ప్రాజెక్టు ఆగిపోతుంది అని. హైదరాబాదు ఫుట్‌బాల్‌కి ఆ అంకె ఒకటి. అయితే ఆయన పోయిన రోజే అంతా కూలిపోలేదు. 1963లో ఆంధ్రా పోలీస్ రోవర్స్ గెలిచింది. రాష్ట్ర జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది (అంతకు ముందు హైదరాబాదు పేరుతో 1956-57, 1957-58లలో గెలిచింది). అప్పటికే తయారై ఉన్న ఆటగాళ్లు ఇంకో మూడు నాలుగేళ్లు బండి లాగారు. కొత్తవాళ్లు తయారుకావడం ఆగిందని తెలిసేసరికి ఆలస్యమైంది. డాక్యుమెంటేషన్ లేని సిస్టమ్ కూడా ఇంతే కదా, రాసినవాడు వెళ్లిపోయాక కొన్నాళ్లు చక్కగా నడుస్తుంది. సంతోష్ ట్రోఫీ ఆ తర్వాత మళ్లీ మన వైపు రాలేదు. భారత జట్టు 1960 తర్వాత ఒలింపిక్స్‌కి వెళ్లనేలేదు.

ఆటగాళ్ల చివరి రోజుల గురించి తలుచుకుంటే బాధేస్తుంది. రెండు ఒలింపిక్స్ ఆడిన నూర్ మహమ్మద్ పేదరికంలోనే పోయాడు. జకార్తా బంగారు జట్టులో ఉన్న యూసుఫ్ ఖాన్‌కి 1966లో అర్జున అవార్డు వచ్చింది. ఆయన పార్కిన్‌సన్స్ జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడి 2006లో చనిపోయాడు. కానిస్టేబుల్ ఉద్యోగం పింఛను ఇస్తుంది గానీ, అంతకు మించి ఇవ్వాల్సింది ఇచ్చేవాళ్లెవరు? క్లబ్ అని ఒకటి విడిగా లేదు కదా, అభిమానులు లేరు, బోర్డు లేదు, ఉన్నది ఒక శాఖ.

గచ్చిబౌలిలో పనిచేసే మిత్రులకి హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తుండే ఉంటుంది. 2019లో వచ్చింది, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్ గెలిచింది. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి, మన క్లబ్ మన ఊళ్లో ఒక్క మ్యాచ్ ఆడకుండా దేశ ఛాంపియన్ అయింది. తర్వాత జీతాలు ఇవ్వలేక చితికిపోయి చేతులు మారింది, 2025లో ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇక్కడ శాఖ లేదు, కార్పొరేట్ డబ్బు ఉంది, అయినా కథ నిలబడలేదు. కాబట్టి ప్రైవేటు డబ్బు వస్తే చాలు అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. ఆ క్లబ్ ఊరు వదిలి పోతుంటే రోడ్డు మీదికొచ్చిన జనాన్ని నేనైతే చూడలేదు. అదే మోహన్ బగాన్‌ని కోల్‌కతా నుంచి తీసుకుపోతామని ఒక్క మాట అని చూడండి!

ఇప్పటికీ మా అచ్చంపేటలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే తెల్లారుజామున పోరగాళ్లు పరుగు ప్రాక్టీసు చేస్తుంటారు. లాంగ్ జంప్, షాట్‌పుట్ ప్రాక్టీసు చేస్తుంటారు. ఆ ఉద్యోగం ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడితే వచ్చేదని, వచ్చినవాళ్లు ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా పోయారని వాళ్లలో ఎవరికీ తెలియదు. మొన్న ఊరికి పోయినప్పుడు ఇద్దరు ముగ్గురికి చెప్తే "నిజమా అన్నా?" అన్నారు.

రహీం కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా ఒలింపియనే, ఆయన 2021లో పోయాడు. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లో పోయారు. 1950లో పదేళ్ల పిల్లాడిగా ఫతే మైదాన్ గట్టు మీద కూర్చుని ఆ టీముని చూసినవాళ్లకి ఇప్పుడు ఎనభై అయిదు దాటి ఉంటుంది. మీ ఇంట్లో గానీ, మీ అపార్ట్‌మెంట్లో గానీ చాదర్‌ఘాట్, మలక్‌పేట, బొల్లారం వైపు పెరిగిన పెద్దవాళ్లెవరైనా ఉంటే ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ఆ టీము జెర్సీ ఏ రంగు, నూర్ మహమ్మద్ ఎలా ఆడేవాడు, టికెట్టు ఎంత, గెలిచొచ్చిన రోజు నాంపల్లి స్టేషన్ ఎలా ఉండేది... ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. ఉర్దూలో చెప్పినా పర్లేదు, తెలుగులో రాయడానికి నేను కూర్చుంటాను.